కిలౌయాలో లావాను ఆడించేది గ్యాసే

హవాయిలోని కిలౌయా అగ్నిపర్వత శిఖరం మీద, హలేమావుమావు బిలంలో 2024 డిసెంబర్ 23న మొదలైన విస్ఫోటనం 2025 పొడవునా విడతలు విడతలుగా సాగింది. కొన్ని గంటలపాటు లావా ఆకాశానికి చిమ్ముతుంది, కొన్ని విడతల్లో 300 మీటర్లు కూడా దాటింది. తర్వాత ఉన్నట్టుండి బంద్. కొన్ని రోజులకు మళ్లీ మొదలు. లోపల మాగ్మా, అంటే భూమి లోపలి కరిగిన రాయి, అయిపోయి ఆగుతోందా అంటే కాదు. ఆ ఆగడం, సాగడం చాలావరకు గ్యాస్ లెక్క.

మాగ్మా పుట్టేది దాదాపు 80-100 కిలోమీటర్ల లోతున. అక్కడి రాయిని ఎవరూ కొత్తగా వేడి చేయడం లేదు. భూమి పైపొర కింద ఉండే వేడి మాంటిల్ రాయి మెల్లగా పైకి జరుగుతుంటే దాని మీద ఒత్తిడి తగ్గి, కొంత భాగం కరుగుతుంది. కరిగింది చుట్టూ ఉన్న రాయికన్నా తేలిక కాబట్టి సందులు వెతుక్కుంటూ పైకొస్తుంది. శిఖరం కింద 1-2 కిలోమీటర్ల లోతున ఒకటి, 3-5 కిలోమీటర్ల లోతున ఇంకొకటి, రెండు నిల్వ చోట్లు ఉన్నాయి.

దారిలో ముందు విడిపోయేది కార్బన్ డయాక్సైడ్. చాలా లోతులోనే బుడగలు కట్టి, చాలాభాగం శిఖరం దగ్గరే బయటికి పోతుంది. అందుకే శిఖరం దగ్గర అది పెరిగితే, లోతు నుంచి కొత్త సరుకు వస్తోందేమోనని అనుమానించాలి. నీరు, గంధకం మాత్రం చివరి కొన్ని వందల మీటర్ల దాకా మాగ్మాను అంత సులువుగా వదలవు. వదిలాక ఏమవుతుందో లెక్క వేసి చూడండి. కిలో మాగ్మా అంటే 0.37 లీటరు. అందులో 0.5 శాతం నీరుంటే 5 గ్రాములు. 1,150 డిగ్రీల సెల్సియస్ వేడిలో, బయటి గాలి ఒత్తిడి దగ్గర అది దాదాపు 32 లీటర్ల ఆవిరి. మూల పరిమాణానికి 80 రెట్లు పైనే! లావాను గాల్లోకి విసిరేది ఇదే.

విడత ముగిశాక గ్యాస్ పోగొట్టుకున్న లావా కొంత మళ్లీ తాను పైకొచ్చిన గొట్టంలోకే జారిపోతుంది. అది బరువైన సరుకు, కింది కొత్త మాగ్మా మీద మూతలా కూర్చుంటుంది. ఈలోగా లోపలి నిల్వ నిండుతూ నేల ఉబ్బుతుంది. నేల వాలును (టిల్ట్) కొలిచే టిల్ట్‌మీటర్‌లో ఆ వాలు మైక్రోరేడియన్లనే అతి చిన్న కోణాల లెక్కన పెరుగుతుంది. లావా చిమ్మే ఫౌంటెన్‌కు ముందు గొట్టంలో లావా మట్టం లేస్తూ పడుతూ ఉంటుంది: మీగడ కింద పాలు పొంగి, మీగడ చిరగ్గానే దిగిపోయినట్టు. గ్యాస్ పోగైతే లేస్తుంది, తప్పించుకుంటే దిగుతుంది. ఈ పొర్లింపులతో పాత సరుకు బయటికి పోయాక గ్యాస్ నిండిన మాగ్మా పైకొస్తుంది, అసలు ఫౌంటెన్ అప్పుడే. అదే సమయంలో టిల్ట్ నిటారుగా పడిపోతుంది. మళ్లీ ఎప్పుడు మొదలవుతుందని అడిగేవాళ్లు కెమెరా కంటే ఆ టిల్ట్ గ్రాఫ్‌నే చూడటం మేలు.

ఇక్కడి లావా బసాల్ట్ రకం, అది పల్చన, బుడగలు తేలిగ్గా తప్పించుకుంటాయి. అందుకే ఇంత గ్యాస్ ఉన్నా సాధారణంగా కొండ బద్దలవదు. మన గౌరీపట్నం, పంగిడి క్వారీల్లో కంకర కొట్టే నల్లరాయి కూడా బసాల్టే, దాదాపు 6.6 కోట్ల ఏళ్ల నాటిది.

ఉష్ణోగ్రతకు ఒక చక్కని పద్ధతి ఉంది. కరిగిన లావాను ఇనుప పనిముట్టుతో తీసి వెంటనే నీళ్లలో ముంచి గాజుగా గడ్డకట్టిస్తారు. గాజులో మెగ్నీషియం ఆక్సైడ్ శాతాన్ని 20.1తో గుణించి 1,014 కలిపితే డిగ్రీల సెల్సియస్ వస్తుంది. 7 శాతమైతే దాదాపు 1,155. నీళ్లలో ముంచడం ఆలస్యమైతే స్ఫటికాలు పెరిగి మెగ్నీషియాన్ని లాగేసుకుంటాయి, లావా ఉన్నదానికన్నా చల్లగా ఉన్నట్టు లెక్క తేలుతుంది.

పొగలోని గంధకపు గ్యాస్, అంటే సల్ఫర్ డయాక్సైడ్, కొలత ఇంతకన్నా చిరాకు పని. అతినీలలోహిత స్పెక్ట్రోమీటర్‌తో పొగ కింద వాహనంలో అడ్డంగా వెళ్లి, వచ్చిన విలువను గాలి వేగంతో గుణిస్తారు. గాలి వేగం తప్పయితే టన్నుల లెక్కంతా తప్పే.

అన్నిసార్లూ శిఖరం దగ్గరే బయటపడాలని లేదు. 2018 మేలో మాగ్మా తూర్పు పగుళ్ల మండలం గుండా దాదాపు 40 కిలోమీటర్లు పక్కకు ప్రయాణించింది. ఇళ్ల మధ్య 24 పగుళ్లు తెరుచుకున్నాయి, 700కు పైగా ఇళ్లు పోయాయి. మొదట్లో వచ్చింది పాత విస్ఫోటనాల తర్వాత అక్కడే చల్లారుతూ మిగిలిపోయిన చిక్కని సరుకు, మెల్లగా కదిలింది. అది అయ్యాక వేడి కొత్త బసాల్ట్ వచ్చి నదిలా పారింది. మొదటి రోజుల నత్తనడక చూసి ధీమాపడటం ప్రమాదం. అక్కడ మాగ్మా ఖాళీ అవుతుంటే, ఇక్కడ శిఖరం 62 విడతల్లో కుంగింది.

ఫౌంటెన్ రోజుల్లో గాలివాటున జుట్టులాంటి గాజు పోగులు పడతాయి. అక్కడ చాలా ఇళ్లలో వాడేది కప్పు మీది వాననీరే. కాబట్టి ముందే గొట్టాన్ని ట్యాంకు నుంచి ఊడదీయాలి. కప్పు కడిగాకే మళ్లీ తగిలించాలి. దుమ్ము మాస్కు పోగులను ఆపుతుంది కానీ సల్ఫర్ డయాక్సైడ్‌ను ఆపదు.