హజ్‌కి ముందు బాకీలు తీర్చాలంది అమ్మీ

హజ్ (మక్కా యాత్ర) లిస్టులో మా పేర్లొచ్చాయని తెలియగానే చుట్టాలంతా ఇహ్రాం గుడ్డలు (హజ్‌లో కట్టుకునే బట్టలు) కొన్నారా, సూట్‌కేసులు కొన్నారా అని అడుగుతుంటే, మా అమ్మీ మాత్రం ముందు బాకీలు తీర్చాలని పట్టుబట్టింది. మాది హిందూపురం, ఉండేది బెంగళూరు శివాజీనగర్‌లో. వీధిలో గడప గడపకీ వెళ్లి, ఎప్పుడైనా మాట తూలి ఉంటే మాఫ్ చెయ్యండి అని అడిగింది. సందు మొగదల కూరగాయలమ్మే కుప్పం అక్క "అంత మాటెందుకమ్మా, మా పిల్లల కోసం కూడా దువా చెయ్యి" అంటూ సంచిలో కొత్తిమీర కట్ట వేసి డబ్బులొద్దంది. "ఇంకోరోజైతే తీసుకునేదాన్నే, ఇప్పుడొద్దు తల్లీ" అని అమ్మీ చిల్లర లెక్కపెట్టి బుట్టలో వేసి గానీ కదల్లేదు.

దీన్ని చాదస్తం అనుకునేవాళ్లకి చెబుతున్నా, షహీద్ అయినవాడికి, అంటే ధర్మం కోసం ప్రాణమిచ్చినవాడికి, అప్పు తప్ప అన్ని పాపాలూ మాఫీ అవుతాయని సహీ ముస్లిం అనే గ్రంథంలో హదీసు (ప్రవక్త మాట) ఉంది. నమాజులో లోటు అల్లాహ్‌కీ మనకీ మధ్య సంగతి, కానీ ఒకరి డబ్బు ఎగ్గొట్టినా, పరువు తీసినా ఆ మనిషే క్షమించాలి.

ట్రైనింగ్ క్యాంపులో తవాఫ్ (కాబా చుట్టూ ప్రదక్షిణ), సయీ (సఫా, మర్వా గుట్టల మధ్య నడక), ఏ దువా ఎక్కడ, అన్నీ బాగానే నేర్పారు. రద్దీలో ఎలా మెలగాలో కూడా అంతే శ్రద్ధగా నేర్పాలని కాబా దగ్గర అనిపించింది. కాబా మూలనున్న నల్లరాయి హజరె అస్వద్‌ని ముద్దాడాలని ఒక కుర్రాడు భుజంతో తోసుకుంటూ పోతుంటే పక్కనున్న ముసలామె కళ్లద్దాలు జారి కాళ్ల కింద పడ్డాయి, ఆమె వంగలేదు, వంగితే తొక్కేస్తారు. ముద్దాడటం సున్నత్ (ప్రవక్త ఆచరణ, తప్పనిసరి కాదు), సాటి మనిషిని బాధపెట్టడం హరామ్ (నిషిద్ధం), అంతకంటే వివరంగా చెప్పేదేముంది? ప్రవక్త (స) తన సహచరుడు హజ్రత్ ఉమర్‌కే చెప్పారట, నువ్వు బలమైనవాడివి, రాయి దగ్గర తోసుకోవద్దు, బలహీనులకి దెబ్బ తగులుతుంది, ఖాళీ దొరక్కపోతే ఎదురుగా నిలబడి తక్బీర్ చెప్పమని. అమ్మీ దూరం నుంచే చెయ్యెత్తి అల్లాహు అక్బర్ అని ముందుకి నడిచింది.

అసలు పరీక్ష అరఫాత్ మైదానంలో. జిల్‌హజ్ నెల 9న రోజంతా చేతులెత్తి ఏడ్చినవాళ్లే, పొద్దు గుంకి బస్సు రాగానే సీటు కోసం కాలర్లు పట్టుకోబోయారు. మా బస్సులో కడప చాచా ఒకాయన నిలబడే ఉండి, ఎవర్నీ వేలెత్తి చూపకుండా ఖురాన్‌లోని సూరె బఖరా 197వ ఆయతు (వాక్యం) గట్టిగా చదివారు. హజ్‌లో బూతు మాట, పాపం పని, జగడం ఉండకూడదని చెప్పే ఆయతు అది. తర్వాత ఆయనే అన్నారు, "ఇదే దారిలో బాబూ, ప్రవక్త (స) తన ఒంటె ఖస్వా తల జీనుకి తగిలేంతగా పగ్గం లాగిపట్టి, నెమ్మది జనులారా నెమ్మది అని చేత్తో సైగ చేస్తూ వెళ్లింది." గొడవ పడ్డవాళ్లలో ఒకతను లేచి చాచాని కూర్చోబెట్టాడు. రాత్రి బస చేసే ముజ్దలిఫా వచ్చేదాకా బస్సులో తల్బియా (లబ్బైక్ అనే హజ్ పలుకు) తప్ప ఇంకో మాట వినపడలేదు.

మర్నాడు జమరాత్ దగ్గర, అంటే షైతాన్‌కి గుర్తైన స్తంభాలకి రాళ్లు వేసే చోట, కూడా అదే పరీక్ష. అక్కడ వేసేది శనగగింజంత రాయి, ప్రవక్త (స) అలాంటివే చేతిలో పట్టుకుని చూపించి, దీన్‌లో (ధర్మంలో) హద్దు మీరొద్దని హెచ్చరించారు. అయినా కోపంగా చెప్పులు విసిరేవాళ్లున్నారు. నీ తరఫున నేను వేస్తాలే అన్నాను. అమ్మీ ఒప్పుకోలేదు, రద్దీ తగ్గేదాకా ఆగి, రాత్రి తన చేత్తోనే ఏడు రాళ్లూ వేసింది.