పొగ తగిలిందా అని అడిగితే లేదన్నాను

రాత్రి తొమ్మిదిన్నరకు వణుకు మొదలైంది. రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి. నడుము, పిక్కలు, మెడ, ఎక్కడ చెయ్యి వేసినా నొప్పే. థర్మామీటరు 102.4 చూపించింది. గాలి పీలిస్తే సగంలోనే ఆగిపోతోంది, ఛాతీ మీద ఎవరో చెయ్యి పెట్టి అదిమినట్టు. మావారు నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ "వానలో తడిశావా?" అని అడిగారు. తడవలేదు. తడవకూడదనే ఆ మధ్యాహ్నమంతా గ్యారేజీ షటరు దించుకుని కూర్చున్నాను. కరెంటు మెషిను దగ్గర నీళ్లు ఉండకూడదని అంత జాగ్రత్తపడ్డాను.

అప్పటికి మూడు నెలలుగా వెల్డింగ్ నేర్చుకుంటున్నాను. గ్యారేజీలో ఒక చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిను, నాలుగంగుళాల గ్రైండరు, ఇనుప బల్ల. అంతే నా వర్క్‌షాపు. గురువు మా తమ్ముడు. వాడు పదిహేనేళ్లుగా ఫ్యాబ్రికేషన్ షెడ్డులో పని చేస్తున్నాడు. ఉండేది దూరం కాబట్టి పాఠాలన్నీ ఫోన్లోనే. నేను వేసిన జాయింటు ఫొటో పంపితే చూసి, "అక్కా, ఆర్క్ పొడుగైంది, రాడ్డు ఇంకాస్త దగ్గర పట్టు" అంటాడు. ఆర్క్ అంటే రాడ్డుకూ ప్లేటుకూ మధ్య లేచే కరెంటు మంట. మొదటి నెలంతా రాడ్డు ప్లేటుకు అతుక్కుపోయేది. తర్వాత మెల్లగా చెవికి తెలియడం మొదలైంది. సరిగ్గా కాలుతున్నప్పుడు ఒకే తీరుగా చిటచిటలాడుతుంది, ఆర్క్ పొడుగైతే బుసకొడుతుంది. చిప్పింగ్ సుత్తితో కొడితే అతుకు మీద గట్టిపడిన పెంకు, అంటే స్లాగ్, మొత్తం ఒక్క పెచ్చుగా ఊడిపోయి, కింద పొలుసులు పేర్చినట్టున్న మెరిసే గీత కనిపించిన రోజు నాకు ఇంకా గుర్తుంది. ఆ పని మీద నాకు అంత ఇష్టం పెరిగింది కాబట్టే ఈ అనుభవం రాయాలనిపించింది.

మూడు నెలలూ వాడినవి ఎంఎస్ ముక్కలు, అంటే పూత లేని మామూలు ఇనుము. ఆ రోజు మొదటిసారి పాత జీఐ పైపులతో, అంటే తుప్పు పట్టకుండా పూత పూసిన ఇనుప పైపులతో, కుండీల కోసం స్టాండు మొదలుపెట్టాను. పైపుల మీద బూడిదరంగు తళుకు ఉంది. తుప్పు లేదు కదా, మంచి పైపులే అనుకున్నాను. 2.5 ఎంఎం 6013 రకం రాడ్డు, 80 ఆంప్స్, ఎప్పుడూ పెట్టే సెట్టింగే. కానీ ఆర్క్ కొట్టగానే తేడా తెలిసింది. టపటపా పేలుతూ చిందింది, ఆకుపచ్చ పసుపు కలిసిన మంట లేచింది. దట్టమైన తెల్లటి పొగ. కాసేపటికి గాల్లో పత్తి పింజల్లాంటివి తేలుతున్నాయి. జాయింటు పక్కన పసుపు రంగు పొడి పేరుకుని, చల్లారేకొద్దీ తెల్లబడింది. గీత నిండా చిన్న చిన్న రంధ్రాలు.

నా చెయ్యి కుదరలేదనుకున్నాను. గ్రైండ్ చేసి మళ్లీ వేశాను. మళ్లీ రంధ్రాలే. సరిగ్గా చూద్దామని ఇంకా దగ్గరికి వంగాను. హెల్మెట్ కళ్లను కాపాడుతుంది కానీ గాలిని ఆపదు. పొగ గడ్డం కింద నుంచి లోపలికి వచ్చి ముఖం దగ్గరే నిలబడింది. ఎనిమిది జాయింట్లు వేశాను, స్టాండు కాళ్ల కింద నాలుగు పాత బోల్టులు అతికాను. రెండు గంటలకు మొదలుపెట్టి అయిదింటికి లేచాను. గొంతు కొద్దిగా గరగరలాడింది, అంతకుమించి ఏమీ లేదు.

ఆరున్నరకు మంచినీళ్లు తాగితే నోట్లో మేకు పెట్టుకున్నట్టు ఒక రుచి, అడుగున వింత తీపి. విపరీతంగా దాహం. ఎన్ని నీళ్లు తాగినా గొంతు ఎండిపోయే ఉంది. తర్వాతి సంగతి పైన చెప్పాను.

తెల్లవారేసరికి చెమటలు పట్టి జ్వరం కొంచెం దిగింది కానీ దగ్గు, ఆయాసం అలాగే ఉన్నాయి. డాక్టరు గారు ఓపిగ్గా చూశారు. రక్త పరీక్షలో తెల్ల కణాలు పెరిగాయి. ఛాతీ ఎక్స్‌రే మాత్రం శుభ్రంగా ఉంది. "ఇంట్లో ఇంకెవరికైనా జ్వరం ఉందా? దుమ్ము, పొగ ఏమైనా తగిలాయా?" అని అడిగారు. లేదండీ అన్నాను.

ఆ జవాబు గురించి తర్వాత చాలా ఆలోచించాను. అబద్ధం చెప్పాలని కాదు. పొగ అనగానే నా మనసులోకి వచ్చింది చెత్త తగలబెడితే వచ్చేది, బండి వదిలేది, సిగరెట్టుది. నేను ఇష్టపడి చేసుకునే పనిలోంచి వచ్చింది పొగ అని తట్టలేదు. పైగా పని ఆపేసి నాలుగున్నర గంటలయ్యాక కదా వణుకు వచ్చింది. ఆ రెండింటికీ ముడి పెట్టాలని ఎలా తోస్తుంది? వైరల్ జ్వరం కావచ్చని మందులు రాసిచ్చారు, ఇంటికి వచ్చేశాం.

మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు. నిన్నటి ఫొటో అప్పుడే చూశాడట. "అక్కా, ఆ తెల్ల పొడి ఏంటి? జీఐ వెల్డ్ చేశావా?" అన్నాడు. అవునన్నాను. "షటరు తెరిచే ఉందా?" అన్నాడు. జవాబు చెప్పకుండా దగ్గుతూ ఉండిపోయాను. వాడి గొంతు మారిపోయింది. "ఇప్పుడే మళ్లీ డాక్టరు గారి దగ్గరికి వెళ్లు. ఏం కాల్చావో చెప్పు. బోల్టులు కూడా చెప్పు."

వెళ్లి ఈసారి మొత్తం చెప్పాను. పైపు, పూత, తెల్ల పొగ, మూసిన షటరు, ఎన్ని గంటలు. డాక్టరు గారు కుర్చీలో ముందుకు జరిగి, దీన్ని మెటల్ ఫ్యూమ్ ఫీవర్ అంటారని చెప్పారు. జీఐ మీద ఉండే పూత జింకు. ఇనుము కరగాలంటే దాదాపు 1,500 డిగ్రీల సెల్సియస్ కావాలి, జింకు 907 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. అంటే నేను అతకాలనుకున్న ఇనుము కరిగేలోపే పైన ఉన్న పూత ఆవిరై, గాలి తగిలి జింక్ ఆక్సైడ్‌గా మారుతోంది. నా జాయింట్లలో రంధ్రాలు చేసింది కూడా ఆ ఆవిరే. ఆ రేణువులు ఎంత సన్నవంటే ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళ్లిపోతాయి. అక్కడి కణాలు క్రిమి దాడి చేసినప్పుడు పంపే సంకేతాలనే పంపుతాయి. అందుకే జ్వరం అచ్చం ఫ్లూలాగే ఉంటుంది, కొన్ని గంటలు ఆలస్యంగా వస్తుంది. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. దీనికి వేరే విరుగుడు లేదు, విశ్రాంతి, నీళ్లు, జ్వరం మాత్ర, అంతే.

అక్కడితో నాకు ధైర్యం రావాలి. కానీ ఆయన బోల్టుల దగ్గర ఆగారు. కొన్ని పాత బోల్టులకు కాడ్మియం పూత ఉంటుంది. దాని పొగ కూడా మొదటి రోజు ఇలాగే జ్వరం తెప్పిస్తుంది, కానీ రెండో రోజు తగ్గే బదులు ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి తేవచ్చు. బోల్టు ఫొటో తమ్ముడికి పంపాం. కంటితో చూసి ఏ పూతో చెప్పలేమన్నాడు. ఇక ఆ రాత్రి అక్కడే ఉంచేశారు. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపడానికి వేలికి పెట్టిన క్లిప్పు మీద 95, 96, మళ్లీ 95. ప్రతి అంకె కోసం నేనూ మావారూ ఒకేసారి తల తిప్పేవాళ్లం. అంత టెన్షన్ నేను జ్వరంలో కూడా పడలేదు. తెల్లవారేసరికి 98 అయింది. ఊపిరి అడుగుదాకా దిగింది. అంత సుఖం అదివరకు ఎప్పుడూ ఎరగను.

జ్వరం మళ్లీ రాలేదు. దగ్గు పది రోజులు ఉంది, మెట్లెక్కితే ఆయాసం ఇంకో వారం.

ఆ రోజుల్లో తమ్ముడితో చాలా మాట్లాడాను. వాడికి కూడా అలాంటి జ్వరాలు చాలాసార్లు వచ్చాయట. సెలవు తర్వాత మొదటి రోజు జీఐ పని చేస్తే రాత్రికి వణుకు, తర్వాతి రోజుల్లో అదే పని చేసినా ఏమీ కాదు, మళ్లీ సెలవు, మళ్లీ వణుకు. ఒళ్లు తాత్కాలికంగా అలవాటు పడుతుంది, రెండు రోజులు విడిస్తే ఆ అలవాటు పోతుంది. అందుకే దీనికి సోమవారం జ్వరమనే పేరు కూడా ఉందని డాక్టరు గారు చెప్పారు. షెడ్డులో అందరూ పాలు తాగితే పోతుందని నమ్ముతారు. పాలు కడుపులోకి వెళ్తాయి, పొగ వెళ్లేది ఊపిరితిత్తుల్లోకి. ఈ మాట వాడికి చెప్పేటప్పుడు నాకు దుఃఖం వచ్చింది. పదిహేనేళ్లు వాడు ముక్కుకు ఒక్క గుడ్డ కట్టుకుని పని చేశాడు. జింకు లేని పొగ కూడా మంచిది కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగలను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో, మొదటి గ్రూపులో చేర్చింది. గుడ్డ ఆ రేణువులను ఆపలేదు.

నెల తర్వాత షటరు ఎత్తాను. హెల్మెట్ కింద పట్టే, ముక్కూ నోరూ కప్పే హాఫ్ మాస్కు, దానికి సన్నని రేణువులను ఆపే పీ100 ఫిల్టర్లు కొనుక్కున్నాను. కిటికీలో గాలిని బయటికి లాగే ఫ్యాను బిగించాం. పొగ నిటారుగా లేస్తుంది కాబట్టి తలను దాని దారిలో పెట్టకుండా పక్కనుంచి చూడటం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. స్టాండు పూర్తి చేయడానికి పైపుల పూతను రెండంగుళాల మేర తీసేశాను, మాస్కు పెట్టుకునే గ్రైండ్ చేశాను. అయినా ఆర్క్ కొట్టగానే పైపు అవతలి కొన నుంచి, పొగగొట్టంలోంచి వచ్చినట్టు, తెల్లటి పొగ వచ్చింది. జీఐ పైపుకు లోపల కూడా పూత ఉంటుందని అప్పుడు గుర్తొచ్చింది. వెంటనే ఆపేశాను. మిగతా స్టాండంతా ఎంఎస్ పైపుతో కట్టి రంగు వేశాను. ఏ పూతో తెలియని బోల్టు మాత్రం ఇక నా బల్ల మీదికి రాదు.

ఇప్పుడు ఫొటో పంపితే తమ్ముడు జాయింటు సంగతి తర్వాత మాట్లాడతాడు. ముందు "షటరు తెరిచావా అక్కా?" అంటాడు. నేను "మాస్కు పెట్టుకున్నావా రా?" అని అడుగుతాను. నేను పంపిన మాస్కు వాడి దగ్గర ఉంది. కొన్ని రోజులు పెట్టుకున్నానంటాడు. కొన్ని రోజులు ఎండ ఎక్కువగా ఉందని చెప్పి మాట మార్చేస్తాడు. మర్నాడు మళ్లీ అడుగుతాను.