ఆ ఫోను కోసం ఏమని ప్రార్థించను?

సోమ, బుధ, శుక్రవారాలు తెల్లవారుజామున నాలుగున్నరకే లేస్తాను. లేవగానే మా ఆయన ఎడమ చేతి ఫిస్టులా మీద, అంటే డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోట, వేళ్ళు పెడతాను. లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు జుమ్మంటుంది. అది ఆగితే మిషనుకి దారి లేనట్టే. "ఉందా?" అంటారు కళ్ళు తెరవకుండానే. "ఉందండీ" అంటాను. మా ఇంట్లో మొదటి ప్రార్థన అదే.

ఒంగోలులో ఇంటి అప్పు తీర్చి, అమ్మాయి పెళ్ళి చేసి, అక్కడే ఉండిపోదామనుకున్నాం. మూడేళ్ళ కిందట ఆయన కాళ్ళు వాచాయి, కిడ్నీలు పాడయ్యాయన్నారు. ఇప్పుడు చెన్నై పెరంబూరులో ఒక గది, వంటిల్లు. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్. రోజుకి లీటరు నీళ్ళు, కాఫీ, చారు అన్నీ అందులోనే. ఆవకాయ లేదు, కొబ్బరిబొండం లేదు. ఆకుకూర ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు వండుతాను. ఇక్కడివాళ్ళు కత్తిరి అనే మే నెల ఎండల్లో ఒక ఐసుముక్క నోట్లో పెట్టుకుని, అది కరిగేదాకా మాట్లాడకుండా కూర్చుంటారు. నేను వంటింట్లోకి వెళ్ళి, ఆయనకి కనబడకుండా నీళ్ళు తాగి వస్తాను.

మొదట్లో నాకు భయం లేదు. నా కిడ్నీ ఇస్తాను, ఆరు నెలల్లో ఇద్దరం ఊరెళతాం, దేవుని చిత్తం ఇదే అని సంఘంలో సాక్ష్యం కూడా చెప్పాను. గ్రూపు కలిసింది. క్రాస్‌మ్యాచ్ రిపోర్టులో పాజిటివ్ అని చూసి వరండాలోనే స్తోత్రం చెప్పుకున్నాను. లోపలికి వెళ్ళాక డాక్టరు చెప్పారు, ఈ పరీక్షలో పాజిటివ్ అంటే కుదరదని. మా ఆయన రక్తంలో నా కణాల మీద పోరాడే యాంటీబాడీలున్నాయట, ఇంతకుముందు ఎక్కించిన రక్తం వల్ల కావచ్చట. "నీకు కోత తప్పింది" అన్నారు మా ఆయన. నేను నెల రోజులు మోకరించలేదు. దేవుని చిత్తమని నేను అందరికీ చెప్పింది నా ఆశనే.

తర్వాత ట్రాన్‌స్టాన్ జాబితాలో పేరు రాయించాం. చనిపోయినవాళ్ళ అవయవాలు వరస ప్రకారం ఇప్పించే తమిళనాడు ప్రభుత్వ సంస్థ అది. కిడ్నీ దొరికితే ఫోను వస్తుంది. స్త్రీల కూడికలో ఒక అక్క, "ఫోను త్వరగా రావాలని ఉపవాసముందాం" అంది. ప్రేమతోనే అంది. ఆమెన్ అనబోయి ఆగిపోయాను. ఆ ఫోను రావాలంటే ఎక్కడో ఒకింట్లో బండి మీద వెళ్ళిన మనిషి తిరిగి రాకూడదు. 2008లో ఇక్కడికి దగ్గర్లోని తిరుక్కళుకుండ్రంలో డాక్టర్లయిన తల్లిదండ్రులు, బండి ప్రమాదంలో బ్రెయిన్ డెత్ అయిన పదిహేనేళ్ళ కొడుకు హితేంద్రన్ అవయవాలు ఇచ్చారు. ఆ గుండె తొమ్మిదేళ్ళ పాపకి పెట్టారు. ఆ రాత్రి ఆ తల్లి కూడా బిడ్డ బతకాలనే కదా వేడుకుని ఉంటుంది. ఆమె ప్రార్థనకి అడ్డంగా నా ప్రార్థన ఎలా నిలబెట్టను?

అప్పటి నుంచి కిడ్నీ ఇవ్వు ప్రభువా అని అడగడం మానేశాను. నీ చిత్తం అంటాను. ఏ ఇంటికి ఆ రాత్రి వచ్చినా ఆ అమ్మ పక్కన కూర్చో అంటాను. ఇంతకన్నా నాకు తోచలేదు.

యోసేపు కథలోనూ నాకిప్పుడు ఇష్టమైన చోటు మారింది. చెరసాలలో తన కలకి అర్థం చెప్పిన అతణ్ణి, రాజుకి ద్రాక్షారసం అందించే పానదాయకుల అధిపతి బయటపడ్డాక మరచిపోయాడు. ఆ తర్వాత రెండేళ్ళు గడిచాయి. ఆ రెండేళ్ళ గురించి ఆదికాండంలో ఒక్క మాట లేదు. కల లేదు, దేవుని స్వరం లేదు. చెరసాల పనులన్నీ అతని చేతిలోనే ఉండేవి కాబట్టి, రోజూ లేచి ఆ పని చేసుకుని ఉంటాడు. నేను ఆకుకూర నీళ్ళు పారబోసేటప్పుడు అతనే గుర్తొస్తాడు.

రెండు నెలల కిందట, ఒక మంగళవారం రాత్రి పదకొండింటికి ఫోను వచ్చింది. వరసలో మేము రెండోవాళ్ళం, ఏమీ తినకుండా రమ్మన్నారు. పరీక్షకి రక్తం ఇచ్చి బెంచీ మీద కూర్చున్నాం. మొదటాయన భార్య మాకెదురుగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. తెల్లవారుజామున ఆమెను లోపలికి పిలిచారు. వెళుతూ నా చెయ్యి పట్టుకుంది. తమిళంలో ఏదో అంది, నాకు అర్థం కాలేదు. నేనూ ఆమె చెయ్యి వదల్లేదు కాసేపు.

బయటికొచ్చేసరికి అయిదున్నర. బుధవారం. ఫిస్టులా మీద వేళ్ళు పెట్టి చూశాను. ఆటో మాట్లాడుకుని నేరుగా ఆరు గంటల షిఫ్టుకి వెళ్ళిపోయాం.