సొట్ట బిందె

పదకొండు దాటింది. లైటు ఆపమని ఈయన రెండుసార్లు అన్నారు. ఆపినా నాకు నిద్ర పట్టదు, అందుకే హాల్లోకి వచ్చి కూర్చున్నాను.

సాయంత్రం కొవ్వూరు దగ్గర, గోదావరి ఒడ్డున ఉన్న కుమారదేవం వెళ్ళొచ్చాం. సినిమా చెట్టు దగ్గర, అదే ఎన్నో సినిమాల షూటింగులు జరిగిన ఆ పెద్ద చెట్టు దగ్గర, ఊళ్ళో కుర్రాళ్ళు చిన్న సభ పెట్టారు. నలభై కుర్చీలు, ఒక మైకు, తెల్ల గుడ్డ మీద ప్రొజెక్టర్. అమ్మని కూడా తీసుకెళ్దామనుకున్నాను కానీ మోకాళ్ళు పట్టేశాయని రానంది. బుజ్జిది మాత్రం కారెక్కేసింది, పునుగులు కొనిపెడతానన్నాను కదా.

చెట్టు పడిపోయింది 2024 ఆగస్టు 5న. దాదాపు నూట యాభై ఏళ్ళ నిద్రగన్నేరు. ఆ వార్త విన్న రోజు నేను అన్నం తినలేదు. తర్వాత మొదలుకి మందులు పెట్టి బతికించాలని చూశారు, చిగుళ్ళు కూడా వేసింది. ఇవాళ దగ్గరికి వెళ్ళి ఆ మొదలు మీద చెయ్యి పెట్టాను. అంత నీడ ఇచ్చిన చెట్టు ఇంత చిన్నదై కూర్చుంటే చూడలేకపోయాను. అయినా చిగుళ్ళున్నాయి. బుజ్జిది ఆకు ముట్టుకుని, "ఇది ముడుచుకోదేంటమ్మా?" అంది. ఇది అత్తిపత్తి కాదు తల్లీ, ముట్టుకుంటే కాదు, చీకటి పడితే ముడుచుకుంటుంది అని చెప్పాను. కాసేపటికి నిజంగానే ముడుచుకుంది. బాగా సంతోషం వేసింది. ఇవాళ్టికి సంతోషం అంతే.

ఇక సభ. మైకు పట్టుకున్న పెద్దాయన వరసగా సినిమాల పేర్లు చదివారు. ఇక్కడ మూడు వందల సినిమాలు తీశారంటారు కదా. కాదు, అంతకన్నా ఎక్కువే అని వెనక నుంచి ఒకాయన. 1976లో వచ్చిన 'పాడి పంటలు'తోనే మొదలని ఒకరు, అంతకుముందే తీశారని ఇంకొకరు. ఇరవై నిమిషాలు దానికే పోయాయి. గోదావరి అవతల రాజమండ్రిలో 1936లోనే నిడమర్తి సూరయ్యగారు దుర్గా సినీటోన్ స్టూడియో కట్టి 'సంపూర్ణ రామాయణం' తీశారు. ఆంధ్రలో మొదటి స్టూడియో అది. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. 1967లో బాపుగారి 'సాక్షి' పులిదిండి ఊళ్ళోనే తీశారు, అదీ లేదు. పోనీ, మన చెట్టు సభ కాబట్టి చెట్టు గురించే మాట్లాడారు అనుకుందాం. మరి చెట్టు కింద నిలబడ్డ మనుషులో? హీరోలు, హీరోయిన్లు, డైరెక్టర్లు తప్ప ఇంకెవరూ ఆ నీడలోకి రానే లేదన్నట్టు మాట్లాడారు.

అప్పుడు పడింది గుడ్డ మీద ఆ ఫొటో. చెట్టు, హీరోయిన్, పక్కనే ఎడమ అంచున ఒక చెయ్యి. మోచేతి దాకా చెయ్యి, నడుం మీద ఇత్తడి బిందె, అంతే. మనిషిని కత్తిరించేశారు. బిందె అంచు కింద అరచేతంత సొట్ట.

ఆ బిందె నాకు తెలుసు. మా వంటింటి అటక మీద ఉంది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. తెల్లారేసరికి ఊళ్ళోకి వ్యాన్లు వచ్చేవి. జనరేటర్ చప్పుడు మా అరుగు మీదకే వినిపించేది. వెండి కాగితం అంటించిన రిఫ్లెక్టర్ అట్టలు పట్టుకోవడానికి కుర్రాళ్ళు పోటీ పడేవాళ్ళు. ఒకసారి ఒకడు దాన్ని నా వైపు తిప్పితే చెంప చుర్రుమంది. ఆ రోజు నీళ్ళ బిందెలతో నడిచే ఆడవాళ్ళు కావాలన్నారు. అమ్మ, పక్కింటి పిన్ని, ఇంకో నలుగురు వెళ్ళారు. బిందెలు మనవే. నిండా నీళ్ళు పోయమన్నారు, ఖాళీ బిందె అయితే నడకలో తెలిసిపోతుందట. ఏడుసార్లు నడిపించారు. ప్రతిసారీ మబ్బు అడ్డం రావడమో, ఎవరో కెమెరా వైపు చూడటమో. అయిదోసారికి పిన్ని చేతిలోంచి జారి, ఆ బిందె వచ్చి అమ్మ బిందెకి కొట్టుకుంది. అలా పడింది సొట్ట. మధ్యాహ్నం ఆకులో ఇడ్లీలు, పచ్చడి పెట్టారు. అమ్మ తన వాటా కొంగులో దాచి నాకు తెచ్చింది. పచ్చడి మరక ఆ కొంగుకి చివరిదాకా పోలేదు. సాయంత్రం ఆకులు ముడుచుకున్నాయి, వెలుగు తగ్గింది, ప్యాకప్ అన్నారు. డబ్బులు రేపు ఇస్తామన్నారు. రేపు వ్యాన్లు రాలేదు.

సినిమా కొవ్వూరు వచ్చినప్పుడు పిన్ని రెండుసార్లు చూసింది. ఆ సీను లేదు. మొదటిసారి తను సరిగ్గా చూడలేదేమో అనుకుని రెండోసారి వెళ్ళింది. ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. పిన్ని ఇప్పుడు లేదు కూడా.

ఇదంతా మనసులో తిరుగుతుంటే సభ అయ్యేదాకా ఆగలేకపోయాను. ప్రొజెక్టర్ నడిపే అబ్బాయి దగ్గరికి వెళ్ళి, మనుషుల్ని ఎందుకు కోశావు బాబూ అని గట్టిగానే అడిగాను. పాపం వాడు బిత్తరపోయి, "గుడ్డకి సరిపోలేదండి, హీరోయిన్ మధ్యలోకి రావాలని అలా పెట్టానండి" అన్నాడు. ఈయన నన్ను పక్కకి లాగారు. దారంతా నేను మాట్లాడలేదు. చరిత్ర అంటే ఆరుగురు ఆడవాళ్ళని అంచు దగ్గర కోసెయ్యడమేనా అని ఒకటే రగిలిపోయాను. ఇంటికెళ్ళి ఆరుగురి పేర్లూ రాసి వాళ్ళకి పంపిస్తానని గట్టిగా అనుకున్నాను.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. బాధపడుతుందనుకుంటే హాయిగా నవ్వింది. "కోస్తే కోశారులే. కొయ్యకపోయినా నా మొహం కనపడదు. మీ తాతయ్య చూస్తే చంపేస్తారని ఏడుసార్లూ అటు తిరిగే నడిచాను" అంది. ఇన్నేళ్ళలో ఈ మాట నాకు చెప్పలేదు. డబ్బులు ఇవ్వలేదని కూడా తనకి కోపం లేదట. ఆ హీరోయిన్ తన పక్కన నిలబడి, "మీ బిందె బరువుగా ఉందా అక్కా" అని అడిగిందట. అది చెప్పేటప్పుడు అమ్మ మొహం చూడాలి! "నా పేరు ఎక్కడా రాయకు" అని కూడా గట్టిగా చెప్పింది.

మరి నేను ఎవరి తరఫున అంత గొంతు చేసుకున్నట్టు? ఆ అబ్బాయి మీద అరిచినందుకు ఇప్పుడు బాధగా ఉంది. సొంత డబ్బులు వేసుకుని కుర్చీలు తెచ్చిన పిల్లలు వాళ్ళు. వాళ్ళు పెట్టకపోతే ఆ చెయ్యి కూడా నేను చూసేదాన్ని కాదు.

కానీ పిన్ని? పిన్ని మొహం తిప్పుకోలేదు. ప్రతిసారీ కెమెరా వైపు చూసింది, అందుకే ఏడుసార్లు అయింది. అమ్మ వద్దంటే అమ్మ పేరు రాయను, సరే. పిన్ని మాత్రం వద్దనేది కాదు.

ఇందాక నంబరు కనుక్కుని ఆ అబ్బాయికి మెసేజ్ పెట్టాను, అరిచినందుకు ఏమీ అనుకోవద్దని, ఫొటో మొత్తం ఉంటే పంపమని. "ఉందండి, ఇంట్లో కంప్యూటర్లో ఉంది, పొద్దున్నే పంపుతానండి" అన్నాడు.

అటక మీంచి బిందె దింపాను. నల్లగా అయిపోయింది. చింతపండు నానేశాను.