మొలలోతు అనిపించిన మడుగు

మా బడి వెనుక ఏరు వంపు తిరిగే చోట ఒక మడుగు ఉండేది. తొమ్మిదో తరగతి చదువుతుండగా, ఒక సెలవు రోజున, నేను అందులో మునిగిపోబోయి బయటపడ్డాను. అడుగున ఉన్న గులకరాళ్ళను లెక్కపెట్టగలిగేంత తేటగా ఉన్న నీటిని గట్టు మీది నుంచి చూసి, మొలలోతుకు మించదని నిశ్చయించుకుని దిగితే, నాలుగు అడుగులకే పీకలలోతు వచ్చింది. అయిదో అడుగుకు నేల అందలేదు. అరవాలని ఉంది కాని ఊపిరి తీసుకోవడానికే నోరు చాలలేదు. గట్టు మీది స్నేహితులు నేను ఆడుతున్నాననుకుని నవ్వుతున్నారు. వారిలో ఒకడు మాత్రం అనుమానించి, బోర్లా పడుకుని, పొడవాటి కర్ర ఒకటి నా చేతికి అందించాడు.

మరునాడు మా భౌతికశాస్త్రం మాస్టారు అడుగులు గుర్తుపెట్టిన ఒక వాసంతో తరగతినంతా అక్కడికే నడిపించారు. నీరు ఎంత లోతుందో ముందు మాచేత చెప్పించి, తరువాత వాసాన్ని నిలువుగా దించి పైకి తీశారు. సరిగ్గా పైనుంచి చూసినప్పుడే 4 అడుగుల నీరు 3 అడుగులుగా కనిపిస్తుందని, గట్టు నుంచి ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువగా తోస్తుందని, వాసం మీది తడి గుర్తును వేలితో చూపిస్తూ వివరించారు. నీటిలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుగు వంగడమనే వక్రీభవనం పాఠం నాకు అర్థమైంది ఆ తడి గీతతోనే. పరీక్షలో మార్కులు పెరగకపోవడం వేరే సంగతి.

ఏరు వంపు తిరిగేటప్పుడు వెలుపలి ఒడ్డును కోసుకుంటూ లోతు చేస్తుందని, లోపలి ఒడ్డున ఇసుక మేట వేస్తుందని, కాబట్టి దిగవలసింది ఇసుక వైపునే అని కూడా ఆ రోజే తెలిసింది. నేను దిగింది వెలుపలి వైపు. కాళ్ళు తడుపుకోవడానికే అయినా కర్రతో ముందు నేలను తడిమి చూడాలని, వేగం రెట్టింపైతే నీటి తోపు నాలుగు రెట్లవుతుంది కనుక మోకాలిలోతు ప్రవాహాన్ని కూడా చులకనగా చూడరాదని, తేటనీరు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకువచ్చినా ఎగువన వాన పడిందని గ్రహించి వెంటనే గట్టెక్కాలని మాస్టారు చెప్పారు. చల్లని నీటిలో మొదటి నిమిషం ఊపిరి ఎగదన్నుకు వస్తుందట. అది సర్దుకునే దాకా ఈత జోలికి పోక తేలుతూ ఉండాలి.

ఆ తేలడమే కష్టమైంది. తల పైకెత్తితే కాళ్ళు దిగిపోయేవి. చెవులు నీట మునిగేదాకా తల వెనక్కు వాల్చి, గుండెల నిండా గాలి పట్టి, చేతులు చాపితే శరీరం తనంతట తానే వెల్లకిలా తేలుతుందని నమ్మడానికి నాకు వారం పట్టింది.

నాకు కర్ర అందించిన స్నేహితుణ్ణి ఇప్పటికీ కలుసుకుంటూనే ఉంటాను. ఆ రోజు ఎందుకు దూకలేదని అడిగితే ఒకటే జవాబు: "ఈత వచ్చి ఉంటే దూకేవాణ్ణే. రాదు కనుక పడుకున్నాను."