రూపాయల్లోకి మార్చి చెప్పిన ధరలు

మా పెద్దమ్మాయి ఐదో తరగతి చదువుతున్నప్పుడు, పిల్లలను సైన్స్ మ్యూజియంకు తీసుకువెళ్తున్నామంటూ బడి నుంచి వచ్చిన అనుమతి పత్రం, గడువు దాటిన వారం తరువాత, తన సంచి అడుగున నాలుగు మడతలు పడి నా చేతికి దొరికింది. కట్టవలసిన రుసుము 28 డాలర్లు. ఎందుకు చూపించలేదని అడిగితే, "అది అమ్మమ్మకు నెల కూరగాయల డబ్బని నువ్వే అంటావు కదమ్మా" అని తల వంచుకుని చెప్పింది. తోటి పిల్లలందరూ వెళ్ళిన రోజున తాను బడి గ్రంథాలయంలో కూర్చుందట. నేను పొదుపు నేర్పుతున్నానని అనుకున్నన్నాళ్ళూ నా బిడ్డ అడగడం మానేయడం నేర్చుకుందని ఆ సాయంత్రం తెలిసింది.

డాలస్‌కు వచ్చిన కొత్తలో ప్రతి ధరనూ రూపాయల్లోకి గుణించి చూసుకోవడం నాకూ మా వారికీ ఊపిరి పీల్చినంత సహజంగా ఉండేది. జీతం డాలర్లలో వస్తూ, అద్దె, కారు బీమా, కరెంటు బిల్లు అన్నీ డాలర్లలోనే పోతున్నప్పుడు ఆ గుణకారానికి అర్థం లేదని మాకు తెలియక కాదు. ఊళ్ళో అమ్మానాన్నలు పడిన కష్టాన్ని మరిచిపోలేదని మాకు మేము చెప్పుకోవడానికి అదొక దారి. అయితే పదేళ్ళ పిల్ల చెవికి అది వేరే విధంగా వినబడింది: తన కోసం కొన్న ప్రతి వస్తువూ అమ్మమ్మ కంచంలోంచి తీసినదే అన్నట్లుగా.

మాది కందుకూరు దగ్గర పల్లె. నేను పుట్టినప్పుడు అది ప్రకాశం జిల్లా, 2022లో జిల్లాలు మార్చినప్పుడు నెల్లూరు జిల్లాలో చేరి, ఆ తరువాత మళ్ళీ ప్రకాశంలోకే వచ్చింది. పెన్నా నీళ్ళు పారే నెల్లూరు మాగాణి వేరు, వానను నమ్ముకున్న మా మెట్ట వేరు. పొగాకు పండించే ఇంట్లో డబ్బు ఏడాదికి ఒక్కసారే కనబడుతుంది. ఆకు కోసి, బ్యారన్ అనే కొట్టంలో వేడితో ఆరబెట్టి, గ్రేడు కట్టి, బేళ్ళు వేలానికి తోలి, ధర పలికినప్పుడు వచ్చిన సొమ్ముతోనే అంగడి పద్దు తీర్చాలి, మళ్ళీ పంటకు పెట్టుబడి దాచాలి, పెళ్ళిళ్ళకూ చదువులకూ చూసుకోవాలి. ధర పడిపోయిన ఏడు కూడా ఇల్లు అదే తీరున సాగాలి కనుక, వేసవిలో చవకగా దొరికిన వంకాయలు, గోరుచిక్కుళ్ళు ఒరుగులయ్యేవి, బియ్యం కడుగు కుడితిలోకి చేరేది, చిరిగిన చీరలు బొంతలయ్యేవి. ఇంత జాగ్రత్తగా ఉన్న ఇంట్లోనే, వచ్చిన చుట్టానికి మా అమ్మ వేసే నెయ్యి గరిటెలో ఏనాడూ తగ్గింది లేదు. ఏ వస్తువు ధర ఎంతో మా ముందు లెక్క పెట్టి వినిపించినదీ లేదు. నేను ఊరి నుంచి మోసుకొచ్చింది ఆ ఇంటి భయాన్ని మాత్రమేననీ, ఆ ఇంటి తీరును అక్కడే వదిలేశాననీ నాకు అర్థం కావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

మరుసటి వేసవిలో పిల్లలిద్దరినీ తీసుకుని చెన్నైలో విమానం దిగి, సింగరాయకొండ దాకా రైల్లో వెళ్ళి, అక్కడి నుంచి ఆటోలో ఊరు చేరాము. అమ్మాయి తన సంచిలోంచి పాత నోటు పుస్తకాలు తీసి చెత్తలో వేయబోతుంటే మా అమ్మ ఆపి, "ఏందమ్మా ఇది, తెల్లకాయితాలు అట్నే ఉండాయి గదా" అంటూ వాటిని ఒళ్ళోకి తీసుకుంది. రాసిన పేజీలను ఒక పక్కకు, రాయనివాటిని మరో పక్కకు వేరు చేసి, అంచులు సరిచూసి, దబ్బనంతో మూడు చోట్ల పొడిచి, పురికొసను మధ్య చిల్లులోంచి రెండు వైపులకూ తీసి వెనుక ముడి వేసింది. పాత క్యాలెండరు కాగితం బొమ్మ లోపలికి పోయేలా మడిచి అట్ట వేసింది. రెండో పుస్తకం మా అమ్మాయి కుట్టింది. మొదటి పోటు వంకరగా పడితే అమ్మమ్మ విప్పించి మళ్ళీ పొడిపించింది. డబ్బు మాట ఆ గంటసేపట్లో ఎవరి నోటా రాలేదు.

తిరిగి వచ్చాక మా ఇంట్లో గుణకారం మానేశాము. ఒకటి రెండు సార్లు నా నోరు జారితే మా వారు గుర్తు చేశారు. దాని బదులు నెల సరుకుల పద్దు రాసే పని అమ్మాయికి అప్పగించాము. ఏది ఎంత కొన్నామో, ఎంత పారేశామో రెండూ రాయాలి. మొదటి నెలలోనే ఎక్కువగా పారేస్తున్నది కొత్తిమీరా, పెరుగూ అని తేలింది. ఇప్పుడు పులిసిన పెరుగు మజ్జిగ పులుసు అవుతోంది, కొత్తిమీర కుండీలో మొలుస్తోంది. టెక్సాస్ ఎండ మా ఊరి ఎండకు తీసిపోదు కనుక ఏప్రిల్‌లో వేసిన గోంగూర వేసవంతా విరగకాస్తుంది. జూలైలో పెరట్లో పాత దుప్పటి పరిచి గోరుచిక్కుడు ఒరుగులు పెట్టడం పిల్లల పనే. పుస్తకాలకు ఇక్కడి ఊరి గ్రంథాలయం ఉండనే ఉంది.

చిన్నవాడికి అక్క చొక్కాలు, పక్కింటి పిల్లల బూట్లు వేస్తాము. అడిగిన వారికి వాడే ఆ సంగతి చెబుతాడు. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడాన్ని, రెండేళ్ళకొకసారి ఊరు వెళ్ళే టికెట్లను మాత్రం మేము ఎన్నడూ తగ్గించుకోలేదు. ఈ దేశంలో పంటిని వాయిదా వేస్తే పదింతలు కట్టవలసి వస్తుంది. అమ్మమ్మతో గడపవలసిన వేసవిని వాయిదా వేస్తే మళ్ళీ ఎక్కడి నుంచి తెస్తాము?

ఈ ఏడు అమ్మాయి బడి బ్యాండులో చేరుతానంది. క్లారినెట్ కావాలని తానే వచ్చి అడిగింది. అడిగినందుకు నా కళ్ళు చెమర్చాయి. కొత్తది కొనాలా, నెలకింతని అద్దెకు తీసుకోవాలా, పై తరగతి పిల్లలు వాడిన దాన్ని కొనుక్కోవాలా అని మూడు లెక్కలూ రాసుకొచ్చింది. వాయించడం తనకు నచ్చుతుందో లేదో తెలిసేదాకా అద్దెకే తీసుకుందామని ముగ్గురమూ కూర్చుని తేల్చుకున్నాము. ఆ లెక్కలు రాసింది అమ్మమ్మ దగ్గర తాను కుట్టిన పుస్తకంలో. అందులో ఇంకా పదకొండు తెల్లకాగితాలు మిగిలి ఉన్నాయి.