దాళ్వా నాట్లవేళ మా వాలీబాల్

మాది పాలకొల్లు, నరసాపురం మధ్య కాలవ గట్టునున్న ఊరు. డిసెంబరు ఆఖర్లో దాళ్వా, అంటే రెండో పంట వరి, నాట్లు మొదలవగానే బెంగాల్ నుంచి కూలీల ముఠాలు దిగుతాయి. ఎకరానికింతని మాట్లాడుకుని, తెల్లారకముందే చేలో దిగుతారు. పొద్దువాలాక రైతు ఇచ్చిన షెడ్డులో వండుకుంటారు. చాలా ఏళ్ళు వాళ్ళకీ మాకూ మధ్య కూలి లెక్కలు తప్ప ఇంకో మాట ఉండేది కాదు.

ఓ సాయంత్రం హైస్కూలు గ్రౌండులో మాకు ఒక మనిషి తక్కువయ్యాడు. గట్టు మీద కూర్చుని ఆట చూస్తున్న ఓ పొట్టి కుర్రాణ్ణి రమ్మన్నాం. ముర్షిదాబాద్ జిల్లావాడు. చెప్పులు విడిచి నెట్ దగ్గర నిలబడ్డాడు. అతను లిఫ్ట్ చేస్తే బంతి సరిగ్గా స్మాష్ కొట్టేవాడి చేతికే వచ్చేది. మర్నాటి నుంచి మావాళ్ళే షెడ్డుకెళ్ళి పిలుచుకొచ్చారు.

ఈ ఆటలోనే ఏదో ఉందని నా నమ్మకం. బంతిని పట్టుకుని ఉంచుకోకూడదు. ఒకడే వెంటవెంటనే రెండుసార్లు కొట్టకూడదు. మూడు టచ్‌లలో అవతలికి పంపాలి. ఎంత మొనగాడైనా పక్కవాడికి ఇవ్వక తప్పదు. సర్వీస్ మన చేతికొచ్చిన ప్రతిసారీ ఆరుగురూ ఒక్కో చోటు జరగాలి. అందుకే రైతు కొడుక్కీ, నాట్లకొచ్చిన మనిషికీ సర్వీస్ వంతు వస్తుంది. 1895లో అమెరికాలోని హోలియోక్‌లో విలియం మోర్గాన్ దీన్ని తయారుచేసింది కూడా, వయసు మళ్ళినవాళ్ళు ఒకరినొకరు గుద్దుకోకుండా ఆడుకోవాలనే. 1964లో టోక్యో ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టినప్పుడు స్వర్ణం గెలిచిన జపాన్ ఆడవాళ్ళ జట్టులో ఎక్కువమంది ఒక బట్టల మిల్లు ఉద్యోగులు. పని అయ్యాక సాధన చేసేవారు. చేలో నడుం వంచి వచ్చి కూడా మా గ్రౌండులో ఎగిరేవాళ్ళని చూస్తే నాకు వాళ్ళే గుర్తొస్తారు.

అలాగని ఎలా ఆడించినా మనుషులు కలిసిపోరు. ఓ ఏడాది మా పెద్దలు ఊరివాళ్ళకీ బెంగాల్‌వాళ్ళకీ మ్యాచ్ పెట్టారు. లైను మీద పడ్డ బంతి దగ్గర గొడవ, తిట్లు. కొన్నాళ్ళు వాళ్ళు గ్రౌండు వైపే రాలేదు. అప్పట్నుంచి జట్లు కలిపే వేయాలని పట్టుబడుతున్నాను. ఒకే పక్క ఆడితే బంతి ఎవరిదో అరిచి చెప్పాలి. అరవాలంటే పేరు తెలియాలి. పేర్లయ్యాక ఊళ్ళ కబుర్లు వచ్చాయి, సగం హిందీలో, సగం సైగల్లో. గంగ కోతకి తన ఇల్లు నదిలో కలిసిపోయిందని ఆ కుర్రాడు చెప్పిన రోజు ఎవరూ ఎలాగని అడగలేదు. లంకల్లో కొబ్బరితోటలు గోదాట్లోకి జారిపోవడం మేమంతా చూసినవాళ్ళమే.

ఈ సంక్రాంతి పోటీలకి ప్రతి జట్టులో కనీసం ఇద్దరు నాట్లకొచ్చినవాళ్ళు ఉండాలని కమిటీలో అడిగాను. ఇద్దరు పెద్దలు ఇంకా ఒప్పుకోలేదు. వాళ్ళని ఈ ఆదివారం గ్రౌండుకి రమ్మన్నాను, చూడ్డానికి కాదు, ఆడడానికి.